వెనక నుంచి విప్పిన దశావతారాలు

ఆ రోజుల్లో నాకు రెండే పనులు తెలుసు. ఒకటి నేయడం, రెండోది తప్పు పడితే నేసింది విప్పడం. ధర్మవరంలో మగ్గం గుంత పక్కనే పాకడం నేర్చుకున్నదాన్ని కాబట్టి, లోకంలో ఏ పని చూసినా ఈ రెంటిలో ఏదో ఒకటిగానే కనిపించేది. ముగ్గు వేయడం నేయడం, మరునాడు పొద్దున్నే దాన్ని ఊడ్చేయడం విప్పడం. (సంసారం సంగతి అడగకండి, అందులో ఏది ఎప్పుడు జరుగుతోందో నాకు ఈ రోజుకీ తెలియదు.) అక్షరాలు అప్పటికి ఒక్కటీ రావు. అవి నలభై దాటాక మా కూతురి పాత నోటుబుక్కుల వెనక పేజీల్లో నేర్చుకున్నాను. అంకెలు మాత్రం చిన్నప్పుడే వచ్చేశాయి. అంచు లెక్క తప్పితే మా నాయన అన్నం దగ్గర కూడా వదిలిపెట్టేవాడు కాదు. ఇంతటి చదువుతో నేను వంద మీటలున్న స్టేజి లైట్ల బోర్డు ముందు ఎలా కూర్చున్నాను, కూర్చుని ఏం ఘనకార్యం చేశాను అన్నదే ఇప్పుడు చెప్పబోయేది.

మా అమ్మ తమ్ముడికి హిందూపురంలో లైట్ల షాపు ఉండేది. పెళ్లి రిసెప్షన్లు, స్కూలు వార్షికోత్సవాలు, నాటకాలు, ఏది జరిగినా లైట్లు ఆయనవే. చుట్టాలంతా ఆయనను లైట్ల మామ అనేవాళ్లు. మగ్గం పని బాగా పలచబడిన ఒక ఏడాది అమ్మ నన్ను ఆయన దగ్గరికి పంపింది. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మామ నాకు అప్పజెప్పిన పని కేబుళ్లు చుట్టడం. మగ్గం దగ్గర పట్టు పోగును కండెలకు చుట్టిన చెయ్యి కదా, నేను చుట్టిన కేబులు ఒక్క మెలిక లేకుండా పూలదండలా ఉండేది. షాపుకు ఎవరొచ్చినా మామ దాన్ని చూపించి మురిసిపోయేవాడు. నా కన్ను మాత్రం కేబుళ్ల మీద లేదు, బోర్డు మీద ఉంది.

బోర్డు అంటే మరేమీ కాదు. వేదిక మీద ఏ లైటు ఏ రంగులో, ఎంత వెలుగుతో, ఎటు తిరిగి ఉండాలో ఒక అమరిక చేసుకుని, దానికి ఒక నంబరు ఇచ్చి అందులో దాచుకోవచ్చు. అలా దాచిన ఒక్కో అమరికను క్యూ అంటారు. ఒకటి, రెండు, మూడు అని వరసగా దాచుకుంటూ పోతే, ప్రదర్శన వేళ 'గో' అనే మీట నొక్కిన ప్రతిసారీ తర్వాతి అమరిక దానంతట అదే వచ్చేస్తుంది. ఇది చూసిన మొదటి రోజే నాకు ప్రాణం లేచొచ్చింది. మా మగ్గం పైన డిజైను కోసం చిల్లులు పెట్టిన అట్టలు వరసగా కుట్టి ఉంటాయి. తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట దిగుతుంది, ఆ అట్టను బట్టి పోగులు లేస్తాయి. ఇదీ అదే. పట్టుకు బదులు వెలుతురు, అంతే తేడా. మీటల మీద రాసిన ఇంగ్లీషుతో నాకు పరిచయం లేదు కాబట్టి వాటికి పట్టు పోగులు అంటించుకున్నాను. దాచే మీటకు పచ్చ పోగు, తీసేసే మీటకు ఎర్ర పోగు, గో మీటకు జరీ. మామ చూసి "ఏమ్మే, నా బోర్డుకు చీర నేస్తాండావా?" అన్నాడు గానీ పీకెయ్యలేదు.

పెనుకొండలో పిల్లలకు నాట్యం నేర్పే ఒకావిడ ఉండేవారు. మేము గజ్జెల మేడం అనుకునేవాళ్లం (ఆమె నడిచొస్తుంటే కాళ్లకు గజ్జెలు లేకపోయినా వినిపించేవి). ఆ ఏడు తన శిష్యురాళ్లతో అక్కడి కల్యాణ మండపంలో దశావతారాల నృత్యం పెట్టారు. మామ, నేను ముందురోజే వెళ్లి లైట్లు కట్టి, రిహార్సల్ చూస్తూ క్యూలన్నీ దాచాం. (దాచింది మామ, చూసింది నేను.) చేప నుంచి కల్కి గుర్రం దాకా మొత్తం ముప్పై నాలుగు. మరునాడు సాయంత్రం ఆరింటికి ప్రదర్శన. అయితే ఆ రోజుకే మామ హిందూపురంలో ఒక పెళ్లి పని కూడా ఒప్పుకున్నాడు. పొద్దున్నే బయల్దేరుతూ నన్ను బోర్డు ముందు కూర్చోబెట్టాడు.

"ఆడ లైట్లు కట్టేసి సాయంత్రానికి వస్తా. నేను రాకుండానే మొదలైతే నువ్వు చేయాల్సింది జరీ నొక్కేదే. ముప్పై నాలుగు సార్లు. ఇంక దేన్నీ ముట్టుకోవద్దు."

"నేను సరిగ్గా నడిపిస్తే మామా?"

"నడిపిస్తే ఇంక బోర్డు నీదే. నాకూ నడుం నొప్పి, గంటలు గంటలు స్టూలు మీద కూర్చోలేకుండా ఉండా."

"నడిపించలేకుంటే?"

"కేబుళ్లు ఉండాయి కదమ్మే. బాగా చుడతావు."

ఒక పొగడ్తకు నేను అంత భయపడడం అదే మొదలు, అదే ఆఖరు. వ్యాను ఎక్కాక కూడా కిటికీలోంచి తల బయట పెట్టి, "తీగ కాలి పొగ వస్తే తప్ప ఫోన్ చెయ్యొద్దు, పెళ్లి మేళంలో నాకేమీ వినపడదు" అని అరిచి మరీ పోయాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు గజ్జెల మేడం వచ్చి ఒకసారి లైట్లన్నీ చూపించమన్నారు. మండపం తలుపులు మూసి జరీ నొక్కుతూ పోయాను. అన్నీ చూశారు. చూసి, "వరాహానికి నీలం ఎందుకు పెట్టినారు? సముద్రం చేప దగ్గరే అయిపోయింది కదా. స్వామి భూమిని ఎత్తుకొని వస్తాండాడు, మట్టి రంగు రావాల. అదొక్కటి మార్చేయమ్మా" అని చెప్పి, పిల్లలకు మేకప్ వేయడానికి వెనక గదిలోకి వెళ్లిపోయారు.

అదొక్కటి! ఆమెకేం, నోటితో అనేశారు. వరాహం తొమ్మిదో క్యూలో మొదలవుతుంది. మామ నాకు దాచడం చూపించాడు, తీసేయడం చూపించాడు, దాచినదాన్ని మార్చడం మాత్రం చూపించలేదు. అయినా నాకు రవ్వంత సందేహం కలగలేదు. తప్పు పడితే ఏం చేయాలో ఊహ తెలిసినప్పటి నుంచి తెలిసినదాన్నే కదా. చీరలో తొమ్మిదో వరసలో తప్పు పడిందనుకోండి, మీరు చూసుకోకుండా ముప్పై నాలుగో వరస దాకా నేసేశారనుకోండి, నేరుగా తొమ్మిదో వరసలో వేలు పెట్టగలరా? చీర పాడవుతుంది. ముప్పై నాలుగును విప్పాలి, ముప్పై మూడును విప్పాలి, అలా ఒక్కొక్క పోగే తీసుకుంటూ వెనక్కి వచ్చి, తొమ్మిదిని సరిచేసి, మళ్లీ పది నుంచి నేసుకుంటూ పోవాలి. "మధ్యలో చెయ్యి పెట్టొద్దు మే, చివర నుంచి రా" అని మా నాయన వేళ్ల మీద కొట్టి నేర్పిన పని అది. చెంగు బిగించి మొదలుపెట్టాను.

ముప్పై నాలుగు, ఎర్ర పోగు. స్క్రీన్ మీద ఏదో చిన్న పెట్టె కనిపించింది, మామ నొక్కినట్టే కింద మీట నొక్కాను, పోయింది. కల్కి గుర్రంతో సహా వెళ్లిపోయాడు. మళ్లీ నంబరు, ఎర్ర పోగు, పెట్టె, మీట. బుద్ధుడు లేచిపోయాడు. కృష్ణుడు, రాముడు, పరశురాముడు, వామనుడు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. నరసింహస్వామిని తీసేటప్పుడు మాత్రం ఎందుకైనా మంచిదని ఒకసారి చెంపలేసుకున్నాను. (ఆ పెట్టెలో ఏం రాసి ఉండేదో చాలా ఏళ్ల తర్వాత, ఇంగ్లీషు కూడా కూడబలుక్కోవడం మొదలయ్యాక చదివాను. 'నిజంగా తీసేయమంటావా?' అని. పాపం ఆ యంత్రం నన్ను ఇరవై ఆరు సార్లు అడిగింది. నేను ఇరవై ఆరు సార్లూ శ్రద్ధగా ఔనన్నాను.) ఎంత శుభ్రంగా విప్పానంటే, నా పని నాకే ముచ్చటేసింది. వరాహానికి వేదికంతా ఒకే మట్టి రంగు పరిస్తే చాలు కాబట్టి అది చిటికెలో అయిపోయింది. పచ్చ పోగు నొక్కి దాని క్యూలు దాచి, వేళ్లు విరుచుకుంటుండగా మేడం మళ్లీ వచ్చారు.

"అయిందామ్మా?"

"అవుతాది మేడం. వరాహం అయిపోయింది. ఇంక నరసింహస్వామిని మొదలుపెట్టాల."

"నరసింహస్వామిని మొదలుపెట్టేదేంది? ఆయనకేమైంది?"

"విప్పేసినా మేడం."

"ఏం విప్పేసినావు?"

"స్వామిని. ఆయన తర్వాతోళ్లను గూడా. కల్కి దాకా."

నాట్యంలో ఆమె ముఖం మీద ఎన్ని భావాలైనా పలుకుతాయి గానీ, ఆ క్షణంలో పలికింది ఏ గురువూ నేర్పినది అయి ఉండదు. నిలబడిన చోటే నేల మీద కూర్చుండిపోయారు. "ఊరంతా వస్తాండారు ఆరింటికి. మీ మామకు ఫోన్ చెయ్యి, బిరీన చెయ్యి."

"వద్దు మేడం. పొగ రాలేదు కదా."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, నేను చేసింది పద్ధతి కాదేమో అని. ఆమె ముఖం చూస్తుంటే బోర్డు నా చేతిలోంచి జారిపోతున్నట్టు, నా భుజం మీదికి జీవితాంతం సరిపడా కేబులు ఎక్కుతున్నట్టు అనిపించింది. "రెండు గంటలు ఇయ్యండి మేడం. నిన్న మామ దాచిందంతా నాకు పోగు పోగూ గుర్తుండాది" అన్నాను. అది నిజమే. రాసుకోవడం రానిదాన్ని, గుర్తుపెట్టుకోక ఏం చేస్తాను? ఏ అడుగుకు ఏ రంగు లేచిందో, ఏ తాళానికి ఏది ఆరిందో అట్టల వరసలాగా కళ్ల ముందు ఉంది.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. వెనక ఉన్నవన్నీ రంగులు పరిచే లైట్లు. ముఖం కనిపించాలంటే ముందున్న రెండే దిక్కు, తలకాయ తిప్పే రకం. వాటిని ఎటు తిప్పాలో తెలియాలంటే వేదిక మీద ఒక మనిషి ఉండాలి. పిల్లలంతా ముఖాలకు రంగులు వేయించుకుంటూ ఉన్నారు. మండపంలో దొరికిన మనిషి ఒక్కరే, మేడం వాళ్లమ్మ. అందరూ ఆమెను అవ్వ అనేవాళ్లు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అవతారాలకు పూలదండలు కడుతోంది. మోకాళ్ల నొప్పి, లేచి నిలబడలేదు. అందుకని మేడం ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని కుర్చీతో సహా అవ్వను వేదిక ఎక్కించాం.

"ఏమ్మే, నన్ను యాడికి మోస్తాండారు?"

"కొంచేపు నరసింహస్వామివి కావాల అవ్వా."

"పొద్దున ఆయనకు దీపం పెట్టినా కదే. మళ్లా నేనెందుకు?"

నేను వేదిక మీదికి పరుగెత్తి కుర్చీ జరపడం, బోర్డు దగ్గరికి పరుగెత్తి లైటు తిప్పడం, పచ్చ పోగు నొక్కడం. వామనుడు ఎడమ పక్క, పరశురాముడు కుడి పక్క, రాముడు నట్టనడుమ. అవ్వ చేతిలోని దండ ఆపలేదు, నోరూ ఆపలేదు. "ఇప్పుడెవరినే నేను?" అని అడిగేది. కృష్ణుడివి అంటే, "అయితే వెన్న తేపో, ఆకలైతాంది" అంది. బుద్ధుడి వంతు వచ్చేసరికి కునుకు పట్టింది. నేను లేపలేదు, బుద్ధుడికి అదే సరిపోయింది. ఐదున్నరకు ముప్పై నాలుగో క్యూ దాచి, అవ్వను దించి ముందు వరసలో కూర్చోమంటే, "ఇంతసేపు దేవుళ్లను చేసి ఇప్పుడు జనంలో కూర్చోమంటావా?" అని కోప్పడింది. సరేనని కుర్చీ తెచ్చి నా పక్కనే, బోర్డు దగ్గర వేశాను.

ఆరింటికి మండపం నిండిపోయింది. మామ ఇంకా రాలేదు. చేప, తాబేలు మామ దాచినవే కాబట్టి బంగారంలా నడిచాయి. వరాహం మట్టి రంగులో మెరిసింది. మేడం తెర పక్క నుంచి నావైపు చూసి తల ఊపారు. నాలుగో అవతారం. మృదంగం దద్దరిల్లింది, స్తంభం పగిలింది, నేను జరీ నొక్కాను. ఎర్రటి వెలుగులో నరసింహస్వామి నిలబడ్డాడు. గోళ్లున్నాయి, ఛాతీ ఉంది, పూలదండ ఉంది. తల లేదు.

లైట్లు రెండూ నడుము నుంచి భుజాల దాకా పడి, అక్కడ ఆగిపోయాయి. ఎందుకో తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. నేను మధ్యాహ్నమంతా అవ్వ ముఖానికి సరిపెట్టాను. అవ్వ కూర్చుని ఉంది. దేవుళ్లు నిలబడతారు! ఏం చేయాలో తోచక చూస్తుండగా, స్వామి హిరణ్యకశిపుడిని పట్టి లాగి, గడప మీద కూర్చోవడానికి మెల్లగా కిందికి దిగాడు. దిగుతుంటే ఆ చీకట్లోంచి ముందు జూలు, తర్వాత కళ్లు, తర్వాత కోరలు ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. జనం ఒక్కసారి హా అన్నారు. ముందు వరసలో చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. నేనైతే అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మండపం చప్పట్లతో మోగిపోయింది.

వామనుడు ఏడేళ్ల పిల్ల, నిలబడితే సరిగ్గా కుర్చీలోని అవ్వంత. వెలుగు కొలిచినట్టు పడింది. ఆ పిల్ల పీట ఎక్కి మూడో అడుగు ఎత్తేసరికి తల చీకట్లో కలిసిపోయింది. ఆకాశం దాకా పెరిగిపోయాడని జనం దణ్ణాలు పెట్టారు. కానీ అదృష్టం ఎన్ని అవతారాలని ఆదుకుంటుంది? పరశురాముడు వచ్చాడు. గండ్రగొడ్డలి ఉంది, జంధ్యం ఉంది, మళ్లీ తల లేదు. కూర్చోడు, వంగడు, వేదికంతా తిరుగుతాడు. వెనక నుంచి ఎవరో "తలకాయ యాడప్పా?" అన్నారు. నవ్వు మొదలైంది. మేడం తెర పక్కన రెండు చేతులూ పైకెత్తి, ఎత్తమ్మా ఎత్తు అన్నట్టు సైగలు చేస్తున్నారు.

లైటు తల పైకెత్తడానికి బోర్డు మీద చక్రాలుంటాయి. రెండు లైట్లకు రెండు చక్రాలు. (రెంటినీ కలిపి ఒకే చక్రంతో తిప్పవచ్చని నాకప్పటికి తెలియదు.) రెండు చేతులతో రెంటినీ పట్టుకుని పైకి లేపాను. పరశురాముడికి తల వచ్చింది. కానీ తర్వాతి క్యూకు జరీ నొక్కగానే లైట్లు మళ్లీ అవ్వ ఎత్తుకు దిగిపోతాయి, మళ్లీ లేపాలి. చక్రాలు వదిలితే తల పోతుంది, వదలకపోతే జరీ నొక్కడానికి చెయ్యి లేదు. పక్కకు తిరిగి అన్నాను: "అవ్వా, ఈ జరీ అంటించినది ఉండాది చూడు. నేను 'ఊ' అన్నప్పుడల్లా దాన్ని నొక్కు."

"దీన్నేనా? అదెంత పని" అని అవ్వ కొంగుతో వేలు తుడుచుకుంది.

అలా రాముడు, కృష్ణుడు గట్టెక్కారు. నేను ఊ అనడం, అవ్వ నొక్కడం, నేను రెండు చేతులతో దేవుడి తల పైకెత్తడం. కృష్ణుడి పాటకంతా అవ్వకు తాళం పట్టుబడి, నేను ఊ అనకముందే నొక్కేస్తోంది, అదీ సరిగ్గా. సరిగ్గా ఆ సమయానికే మా మామ చెమటలు కక్కుకుంటూ వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"ఏమ్మే, నా బోర్డు మీద ఈ యవ్వ ఎవరు?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ వెనక్కి తిరక్కుండా అంది: "గమ్మునుండప్పా, బుద్ధుడొస్తాండాడు."

మామ గమ్మునున్నాడు. కల్కి గుర్రం దౌడు తీసింది, తెర పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అవి దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టు వినిపించాయి. మామకు ఎలా చెప్పాలా, అసలు చెప్పకుండా దాటెయ్యాలా అని ఆలోచిస్తుండగా గజ్జెల మేడం పరుగున వచ్చి ఆయనతో అన్నారు: "ఏమన్నా, ఆ నరసింహస్వామి తల చీకట్లోంచి దిగేది ఉండాదే, ఇన్నేళ్లుగా ఆడిస్తాండా, నాకే తోచలేదు. మధ్యాన్నం మీ కోడలు అన్నీ విప్పేసినప్పుడు నా ప్రాణం పోయింది గానీ, ఇట్ల నేస్తాదని తెలిస్తే నేనే విప్పమనుండేదాన్ని!"

"విప్పేసిందా?" అన్నాడు మామ. "ఏం విప్పేసింది?"

"దేవుళ్లను" అంది అవ్వ.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. మొత్తం చెప్పేశాను. తొమ్మిదో వరస, ముప్పై నాలుగు నుంచి వెనక్కి రావడం, మా నాయన మాట, అవ్వ కుర్చీ, అన్నీ. మామ వింటూ వింటూ లైట్ల పెట్టె మీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత లేచి నన్ను బోర్డు దగ్గరికి లాక్కెళ్లి, తొమ్మిదో నంబరు పిలిచి, రంగు మార్చి, ఒక్క మీట నొక్కాడు. "ఇంతే."

"ఇంతేనా? పక్కనున్నవాటికి ఏమీ కాదా?"

"ఏమీ కాదు. ఇది చీర కాదమ్మే."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా సంగతి తేలిపోయిందనుకుని, ఎవరూ చెప్పకుండానే వెళ్లి దగ్గరలో ఉన్న కేబులు అందుకుని చుట్టడం మొదలుపెట్టాను. మామ వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఎల్లుండి ధర్మవరంలో రిసెప్షన్ ఉండాది. బోర్డు నువ్వే."

"మళ్లా తప్పు పడితే మామా?"

"పడతాది. ఎంత విప్పుతావో ముందే చెప్పు, ఆ లెక్కన బిరీన బయల్దేరదాం."

గజ్జెల మేడం ఇప్పుడు కూడా ఆ నృత్యం పెడుతూనే ఉన్నారు. ఎక్కడ పెట్టినా, ఏ కొత్త లైట్లు వచ్చినా, నరసింహస్వామి తల మాత్రం చీకట్లోంచే దిగాలంటారు. నేను స్వామి వేషం వేసే అమ్మాయి ఎత్తు చూసుకుని, గడప ఎత్తు చూసుకుని, వేలు తేడా లేకుండా ఆ వెలుగును అమరుస్తాను. జనం ఎప్పటిలాగే హా అంటారు, చంటిపిల్లలు ఎప్పటిలాగే ఏడుస్తారు. ఒక్క నాకే ఏమీ కాదు, ఆ ముఖం ఏ క్షణాన వస్తుందో తెలుసు కదా. నా లైట్లకు నేనే ఉలిక్కిపడి పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకున్నది ఆ ఒక్క సాయంత్రమే. మొన్న ఒకసారి, పోనీ మళ్లీ అలా ఉలిక్కిపడతానేమో చూద్దామని, కళ్లు గట్టిగా మూసుకుని గో నొక్కాను. తెరిచేసరికి జూలు వెలుగులోకి దిగుతోంది, సరిగ్గా నేను అనుకున్న చోట, సరిగ్గా నేను అనుకున్న క్షణానికి.